వంద గజాల ముందు

తలుపు తీసేసిన విమానంలో ముందుగా వణికేవి కాళ్లు కావనీ, బుగ్గలనీ దయారాణికి ఆ ఉదయమే తెలిసింది. గాలి నోట్లో దూరి బుగ్గల్ని టపటపలాడిస్తుంటే నవ్వొస్తోంది. నవ్వకూడదు, కాళ్ల దగ్గర నాలుగు మూటలున్నాయి, వాటి కోసం ఎడారిలో పద్దెనిమిది మంది ఎదురు చూస్తున్నారు, వాళ్లలో పదకొండు మంది నిన్నటి నుంచి వాంతులూ విరేచనాలతో మంచం దిగలేకపోతున్నారు, అయినా నవ్వు ఆగడం లేదు, తెల్ల యూనిఫారం మీద ఎవరిదో మగవాళ్ల తోలు కోటు, నడుముకు తాడు, తాడు ఆ కొస సీటు కాలికి కట్టి ఉంది, దూడని కట్టినట్టు కట్టారు నన్ను, ఇది నాన్న చూడాలి, చూస్తే ముందు తాడు ముడి బాగోలేదని మళ్లీ కడతాడు, కట్టాక అప్పుడు మురిసిపోతాడు. కింద అబుదాబి రోడ్డు అయిపోయింది. ఆ తర్వాత ఇసుక, మూడు రోజుల వానకి ముదురు రంగు తేలిన ఇసుక, ఎండ తగిలిన చోట బెల్లం రంగు, తగలని చోట తడి గోనెసంచి రంగు. నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉండి ఆసుపత్రి, హాస్టలు, ఆదివారం ప్రార్థన తప్ప ఏం చూసింది తను? దేశమంతా ఒక్క చూపులో పరిచి ఇలా ఎవరో చూపిస్తున్నారు, అదీ జీతమిచ్చి మరీ.

ఇదంతా తెల్లారి ఆరున్నరకి మొదలైంది. దక్షిణాన లివా ఒయాసిస్సు దాటాక రోడ్డు కొలతలు తీసే క్యాంపు ఒకటుంది, దాని చుట్టూ ఉప్పు పర్ర, ఇక్కడివాళ్లు సబ్ఖా అంటారు, ఎండకు గచ్చులా ఉండేది వాన పడితే బురద గుంట అవుతుంది. వాన నీళ్లు వెళ్లి క్యాంపు తాగే నీళ్లలో కలిశాయి. మందులతో బయల్దేరిన లారీ ఇరుసుల దాకా కూరుకుపోయింది, హెలికాప్టర్లన్నీ వాగుల్లో చిక్కుకున్నవాళ్ల కోసం కొండల వైపు వెళ్లాయి. మిగిలింది మిడతల మందు చల్లే ఈ చిన్న విమానం ఒక్కటే. దిగడానికి చోటు లేదు, పైనుంచి మూటలు పడెయ్యాలి, మామూలుగా సామాన్లు పడేసే మనిషి సెలవు మీద ఊరెళ్లాడు, పైలట్ అంత కిందుగా ఎగిరేటప్పుడు చెయ్యి తీయలేడు. ఎవరైనా ఒకరు కావాలి అని డాక్టరు వార్డులో అందరి ముఖాల్లోకీ చూశాడు. "నేను వదులుతాను సార్" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చిందా అని దయారాణి కూడా అందరితోపాటు వెనక్కి తిరిగి చూసింది.

పైలట్ హిదాయతుల్లా యాభై దాటిన మనిషి, కరాచీ ఆయన, పదేళ్లుగా మిడతల వెంట తిరుగుతున్నాడు. ఆమెను కిందా మీదా చూసి హిందీలో అన్నాడు, "బేటీ, ఇది సూది వెయ్యడం లాంటిది కాదు. పైనుంచి పడేసింది ఎక్కడ పడుతుందో అల్లాకే తెలుసు."

"మా నాన్నకి కూడా కొంచెం తెలుసు చాచాజీ" అంది దయారాణి. ఆయన గడ్డం గోక్కుని, నవ్వి, తోలు కోటు తీసి ఇచ్చాడు.

కొంచెమేంటి, నాన్నకి తెలిసిందే అదొక్కటి. పడవ పని సరిగ్గా రాదు, వల వేస్తే చిక్కుపడుతుంది, అమ్మ ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తాడు, కానీ పైనుంచి వదిలింది ఎక్కడ పడుతుందో అడిగితే మాత్రం శాంతరాజు కళ్లు వెలిగిపోతాయి. ఊళ్లో అందరూ బాంబుల శాంతరాజు అనేవారు, ఎగతాళికే, ఆయన బిరుదనుకునేవాడు. ఆయన ఒక్క బాంబూ వెయ్యలేదు, విమానం ఎక్కిందీ లేదు. జపానువాళ్లు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు పడేసిపోయిన మరుసటి ఏడు, పద్దెనిమిదేళ్ల వయసులో, సముద్రపొడ్డున సరుగుడు గుంజల మంచె మీద తెల్లదొరల వైమానిక దళం ఉద్యోగం దొరికింది. అల్లంత దూరాన నీళ్ల మీద పీపాలు కట్టిన తెప్ప, తెప్ప మీద తెల్ల గుడ్డ. విమానాలు వచ్చి ఆ తెప్ప మీద పొగ బాంబులు వదిలి గురి నేర్చుకునేవి. పొగ ఎక్కడ లేచిందో ఈ మంచె మీంచి నాన్న, మైలు దూరాన ఇంకో మంచె మీంచి ఇంకొకడు, మేకులు కొట్టిన పలక లోంచి చూసి కోణం చెప్పేవారు, షెడ్డులో సార్జెంటు పటం మీద రెండు దారాలు లాగితే అవి కలిసిన చోటే బాంబు పడ్డ చోటు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎవరెంత తప్పుతున్నారో చెప్పడమే పని, ఎంత హాయైన పనో అనేవాడు, తప్పులు వాళ్లవి, జీతం మనది.

"అందరూ ఆలస్యంగానే వదులుతారమ్మా" అనేవాడు, చుట్ట వెలిగించుకుని, ఇసకలో పుల్లతో గీస్తూ. "తెల్లోడూ మనోడూ, తెలివైనోడూ మొద్దూ, మొదటి వారం అందరిదీ తెప్ప దాటి అవతలే పడద్ది. కన్ను ఒప్పుకోదు. సరిగ్గా నెత్తి మీదకొచ్చేదాకా ఆగమంటది. విమానం పరిగెడతంది కదా, కడుపులో ఉన్న బాంబూ పరిగెడతంది, వదిలేసినంత మాత్రాన అది ఆగిపోద్దా? దాని పరుగు దానిదే. కాబట్టి తెప్ప దగ్గరికి రాకముందే వదిలెయ్యాలి. ఎంత ముందు అన్నదే చదువు."

ఆ చదువు వాళ్లెలా చదివారో ఆమెకు కంఠతా వచ్చు. ఎత్తు నుంచి వేసేవాళ్లకి అద్దాల గురి యంత్రం ఉండేది, తెప్ప మీదకి కిందుగా వచ్చేవాళ్లకి అది పనికిరాదు, అద్దంలో చూసి మర సరిచేసేలోపు తెప్ప తోక వెనక్కి పోతుంది. అందుకని ఆ కుర్రాళ్లు ముందరద్దం మీద మైనపు పెన్సిలుతో గీత గీసుకునేవారు. గీత మీదకి తెప్ప వచ్చిందా, వదిలెయ్. కానీ ఒకడి గీత ఇంకొకడికి పనికిరాదు, ఎందుకంటే ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, కూర్చున్న చోటు నుంచి కన్ను ఎత్తు మారిపోతుంది. పొట్టివాడి సీట్లో పొడుగువాడు కూర్చుని గీత చెరిపేసి తన గీత గీసుకున్నాడని ఒకసారి ఒడ్డు మీద కొట్టుకున్నారు, ఇద్దరికీ ముక్కులు పగిలాయి, ఆ మర్నాడు ఇద్దరూ ఒకే కొబ్బరిబోండాం తాగుతూ కనిపించారు. విమానం లేని రోజున లారీ ఎక్కి ఇసక మీద పరిగెత్తిస్తూ, సున్నం గీసిన గుండ్రంలోకి ఇసక సంచులు వదిలేవారు, సంచులు ఏరి మళ్లీ లారీలో వేసే పని నాన్నదే. గాలి లేని రోజుల్లో గురి మరీ చెడేది, సముద్రం అద్దంలా ఉంటే ఎంత ఎత్తులో ఉన్నామో తెలీదట, ఎత్తు తప్పితే గీత అబద్ధం చెబుతుందట. అప్పుడు తమ నీడ చూసుకోవడం నేర్చుకున్నారు, నీళ్ల మీద విమానం నీడ ఎంత పెద్దదైతే మనమంత కిందున్నట్టు.

ఎనిమిదేళ్లప్పుడు తనని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని చర్చి ముందరి ఇసక దారిలో సున్నంతో గుండ్రం గీశాడు. ఒళ్లో జామకాయలు. నాన్న తొక్కుతాడు, తను వదలాలి. మొదటిది గుండ్రం దాటి వెళ్లి కోడి మీద పడింది, ఆ కోడి అరిచిన అరుపు, కోడి వెనక దాని యజమానురాలు, ఆవిడ వెనక పాస్టరుగారు. "ఆలస్యం! చూశావా, ఆలస్యం!" అని నాన్న సైకిలు ఆపకుండా తొక్కుతూనే సంబరపడిపోయాడు. అంత సంతోషం ఎందుకయ్యా ఆయనకి? బిడ్డ తప్పు చేసినందుకు అంత సంతోషించే తండ్రి ఇంకెవరికీ లేడు, క్లాసులో ఏ పిల్లకీ లేడు. పన్నెండో జామకాయ గుండ్రంలో పడ్డాక దాన్ని కడిగి తనకే ఇచ్చాడు, చితికిపోయింది, సగం ఇసక, అంత తీపి జామకాయ మళ్లీ దొరకలేదు.

ఒక్కటే అడక్కూడనిది ఉండేది. నేర్చుకున్నాక వాళ్లెక్కడికెళ్లారు నాన్నా? బర్మా వైపెళ్లారమ్మా. అక్కడ దేని మీద వేశారు? చుట్ట ఆరిపోయేది. కాకినాడలో బాంబు పడిన రోజు ఆయన రేవులోనే ఉన్నాడు, తాడు చుట్టల వెనక బోర్లా పడుకుని, ఆ సంగతి అమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు. "నేర్చుకునేటప్పుడు చూశానమ్మా. తప్పితే నాలిక్కరుచుకునేవోళ్లు, తగిలితే రెక్కలూపి పోయేవోళ్లు. పిల్లలు. ఆ తర్వాతది నేను చూళ్లేదు" అని లేచి, అవసరం లేకపోయినా వల దులిపేవాడు.

"దయా బేటీ!" చెవుల మీది ఫోనులో హిదాయతుల్లా గొంతు. "అదిగో."

ముందు ఏమీ కనబడలేదు, అంతా వెలుగే, భూమి నిండా నీటి పొర, అందులో ఆకాశం, మేఘాలు కింద కూడా ఉన్నాయి. ఆ మెరుపు మధ్యలో తాబేలు వీపులా ఒక ఇసుక గట్టు, దాని మీద ఆరు గుడారాలు, గుడారాల పక్కన ఖాళీ జాగా, రెండు వాలీబాల్ కోర్టులు కలిపితే ఎంతో అంత. అక్కడ రెండు తెల్ల దుప్పట్లు అడ్డంగా నిలువుగా పరిచి ఉన్నాయి. ఇటు తప్పితే గుడారాలు, అటు తప్పితే బురద. ఫోనులో గరగరమని ఇంకో గొంతు, క్యాంపు రేడియో దగ్గర రాజలింగం అట, ప్రథమ చికిత్స చూసేది అతనే, హిందీని ఒక్కో మాటే ఏరుకుంటూ మాట్లాడుతున్నాడు: "సిస్టర్‌జీ, లింబాద్రి బహుత్ కమ్‌జోర్ హై. పానీ భీ పేట్ మే నహీ రహతా. జల్దీ." లింబాద్రి అనే రోగి బాగా నీరసించాడట, మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదట. రాత్రంతా నిద్ర లేని గొంతు, ఆ గొంతు వార్డులో రోజూ వింటుంది తను, మంచం పక్కన నిలబడే వాళ్ల గొంతు. నవ్వు పోయింది. లోపల ఏదో చల్లగా, స్థిరంగా కూర్చుంది, సూది గుచ్చే ముందు నరం దొరికినప్పుడు కూర్చునేది.

లెక్క పొద్దున్నే టెంపరేచర్ చార్టు వెనక వేసుకుంది. వంద అడుగుల నుంచి ఏది వదిలినా నేల తాకడానికి రెండున్నర సెకన్లు, విమానం సెకనుకి నలభై గజాలు, అంటే వంద గజాల ముందు వదలాలి. వంద గజాలంటే కాగితం మీద ఎంతైనా రాయొచ్చు, కంటికి ఎంత? జేబులోంచి ప్లాస్టర్ చుట్ట తీసి ఒక ముక్క చించి, తలుపు చట్రం ముందు అంచుకి అంటించింది. తల సీటుకి ఆనించాలి, ప్రతిసారీ ఒక్కచోటే ఆనించాలి, కన్ను ఎత్తు మారకూడదు. మూటల్లాగే బరువు తూచిన ఇసుక సంచులు మూడు తెచ్చుకుంది.

"చాచాజీ, వంద అడుగులే ఉండాలి. నీటి మీద ఎత్తు తెలీదట. మన నీడ చూసుకోండి."

"ఈ ముక్క నీకెవరు చెప్పారు?" ఆయన వెనక్కి తిరగబోయి ఆగాడు. "మీ నాన్నేనా? ఏ ఎయిర్‌ఫోర్సు?"

"మంచె మీద, చాచాజీ!"

విమానం గాలికి ఎదురు తిరిగి కిందికి జారింది. నీటి మీద నీడ పరిగెత్తుకొచ్చి కుక్కపిల్లలా పక్కన చేరింది. దుప్పట్లు ప్లాస్టర్ ముక్క వైపు వస్తున్నాయి, వస్తున్నాయి, ఆగు, ఇంకా దూరం ఉంది కదా, ఇంకొంచెం, వదిలింది. సంచి దుప్పట్లు దాటి, గట్టు దాటి, బురదలో పడి బుడుంగున మునిగిపోయింది. ఒక్క బుడగ కూడా రాలేదు. ఆలస్యం! చూశావా, ఆలస్యం! అదే సంబరం గొంతు. కన్ను ఒప్పుకోలేదు నాన్నా, కొట్టుకుపోతున్నట్టుంది తెలుసా, ఎదురుగా మనుషులు చేతులు చాపి ఉంటే వాళ్ల దగ్గరికి చేరకుండా చెయ్యి ఎలా వదులుతుంది? ప్లాస్టర్ రెండు వేళ్లు పైకి అంటించింది. రెండో సంచి గట్టు చివర పడి జారింది. గీత సరిగ్గానే ఉంది, తప్పు వేళ్లలో ఉంది, వదులు అని మనసు అన్నాక వేళ్లు తెరుచుకోవడానికి పట్టే కాస్త వ్యవధి. సంచిని పట్టుకోవడం మానేసింది. అరచేతి మీద ఊరికే నిలబెట్టి, అంచున ఆనించి, గీత తగలగానే చెయ్యి తిప్పేసింది. మూడో సంచి దుప్పట్ల పక్కన తడి ఇసుక చిమ్మి దొర్లింది, కింద ఎవరో ఎగిరి గంతేశారు, హిదాయతుల్లా "షాబాష్!" అని విమానాన్నే గంతేయించాడు. సంచులు అయిపోయాయి. నేర్చుకోవడం అయిపోయింది. ఆ పిల్లలకి కనీసం వారాలిచ్చారు.

మొదటి మూట, సెలైన్ సంచులు, చుట్టూ రెండు దిండ్లు. గీత, చెయ్యి. దుప్పటి మీద. రెండో మూట, ఉప్పూ గ్లూకోజూ కలిపిన పొడి పొట్లాలు, నూటయాభై. దుప్పటికి నాలుగు గజాల అవతల, ఇద్దరు పరిగెత్తి గోల్‌కీపర్లలా మీద పడ్డారు. ఎంత బాగుంది, ఎంత బాగుంది, ఒకటి చేతిలోంచి వెళ్లి ఇంకొకరి చేతిలో పడుతుంటే ఒళ్లంతా ఇలా తేలికవుతుందని ఎవరూ చెప్పలేదేం? మూడో మూట పక్కగా జారి గుడారం తాడుకి తగిలి ఆగింది, తగలడమే మంచిదైంది, లేకపోతే బురదలోకే. నాలుగోది మిగిలింది, అన్నిటికన్నా ముఖ్యమైనది, సూదులు, గొట్టాలు, గాజు సీసాల్లో మందు. అవి లేకపోతే మొదటి మూటలో సెలైన్ ఉండీ లేనట్టే. సగం దూరంలో ఉండగా మబ్బు వచ్చి ఎండని కప్పేసింది.

నీడ పోయింది. కింద అంతా ఒకటే బూడిద రంగు, నీరేదో ఆకాశమేదో తెలియదు. "ఎత్తు తెలియడం లేదు, బేటీ, వదలకు" అన్నాడు హిదాయతుల్లా. చుట్టు తిరిగారు. మళ్లీ తిరిగారు. మబ్బు కదల్లేదు. "సిస్టర్‌జీ, సూయీ?" అన్నాడు రాజలింగం, అంతే, సూదులు లేవని మూటలు విప్పి చూసుకున్నాడన్నమాట. మూడోసారి తిరుగుతుంటే ఆమెకి దుప్పట్లు కాదు, వాటి పక్కన నిలబడ్డ మనుషులు కనిపించారు. ఇందాక వంద అడుగుల్లో ఉన్నప్పుడు గీత దగ్గర మనిషి చిటికెనవేలి గోరంత ఉన్నాడు. ఇప్పుడు గోరులో సగమే ఉన్నాడు. "పైనున్నాం చాచాజీ, దిగండి. ఇంకా. ఇంకొంచెం. చాలు, ఇక్కడే ఉంచండి!" చిటికెనవేలు చాపి ఒక కన్ను మూసి చూసింది, గోరు, మనిషి, సరిపోయాయి, గీత వచ్చింది, చెయ్యి తిరిగింది.

రెండున్నర సెకన్లు. ఎంత పెద్ద సమయమో. అందులో ఒక జామకాయ తినేయొచ్చు.

మూట దుప్పట్ల కూడలిలో, నట్టనడుమ పడింది. కిందివాళ్ల అరుపు విమానంలోకి వినబడలేదు, రేడియోలో మాత్రం రాజలింగం మీట నొక్కిన వేలు తియ్యడం మరిచిపోయినట్టున్నాడు, హిందీ ఎటో ఎగిరిపోయింది: "అరే, నడిమిట్ల పడ్డదిరా! గింత కూడ పక్కకు పోలే! ఓ లింబాద్రీ, లేవురా, నీ కోసం ఆ తల్లి ఎంత గురి జూసి ఏసిందిరా!"

దయారాణికి ఒక్క క్షణం ఏ భాషో తెలియలేదు, అర్థమైందని మాత్రం తెలిసింది. అవతల మీట వదిలిన చప్పుడు రాగానే, "రాజలింగం గారూ," అంది, "మీరు తెలుగువారా?"

"నువ్వు తెలుగే? అయ్యో అక్కా, పొద్దట్నుంచి హిందీల సచ్చిపోయిన గదనే!"

ఆమె నవ్వింది, పొద్దుణ్ణుంచి ఆపుకున్నదంతా నవ్వింది, హిదాయతుల్లాకి ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు. నవ్వుతూనే చెప్పింది, ఒక పొట్లం ఒక లీటరు నీళ్లకి, నీళ్లు కాచారా, "కాగబెట్టి సల్లార్చి పెట్టినం అక్కా", మంచిది, గటగటా తాగించొద్దు, చెంచా చెంచా, కక్కితే పది నిమిషాలాగి మళ్లీ, లింబాద్రికి ముందు సెలైన్, సూది గుచ్చడం వచ్చా? జగిత్యాల దవాఖానల రెండేండ్లు కాంపౌండరు తాన జేసిన్నక్కా, నరం దొరుకుతది. నరం దొరక్కపోతే చెయ్యి కిందికి వేలాడదియ్యి. సరే అక్కా. అన్నీ రెండుసార్లు చెప్పింది, అతను రెండుసార్లూ సరే అక్కా అన్నాడు, ఈ మాట తెలుగులో విని నాలుగేళ్లయినట్టు ఆమెకి అనిపించింది. హాస్టల్లో రోజూ వింటుంది నిజానికి, అయినా.

"వెళ్దామా?" అన్నాడు హిదాయతుల్లా.

"పెట్రోలుందా చాచాజీ?"

"కాసేపు తిరగడానికి ఉంది. ఏమైనా మిగిలిందా?"

"ఏమీ లేదు. ఊరికే."

ఆయన ఎందుకని అడగలేదు. దూరంగా పెద్ద చుట్టు తిప్పి, పావుగంట గడిపి, తీరిగ్గా గట్టు మీదకి వచ్చాడు. ఈసారి తల సీటుకి ఆనించలేదు, గీత వైపు చూడలేదు. తాడు ఎంతవరకు సాగుతుందో అంతవరకు బయటికి వంగింది. ఎర్ర బనీను వేసుకున్న మనిషి. తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి. భుజానికి రేడియో తగిలించుకుని గుడారం గుంజకి సెలైన్ సంచి కడుతున్న మనిషి, వాడే రాజలింగం అయ్యుంటాడు, ఎంత సన్నగా ఉన్నాడు. నలుగురు మోసుకొచ్చి ఆరుబయట పెట్టిన మంచం, దాని మీద మోచేతి మీద లేవబోతున్న ఇంకొకడు, ముఖం పైకెత్తి, నోరు తెరిచి విమానాన్ని చూస్తున్నాడు. దయారాణి రెండు చేతులూ ఊపింది. ఇంజను మోతలో వాడికి వినబడదని తెలిసీ ఊరుకోలేక అరిచింది, "లింబాద్రీ! తాగవయ్యా! కొంచెం కొంచెంగా తాగు!"

చెవిలో గరగర.

"తాగుతుండక్కా" అన్నాడు రాజలింగం. "ఇగో, తాగుతుండు."